మోతాదు మీరిన మూర్ఛమందు – రక్తశోధన చికిత్స

ఔషధమునకును విషమునకును నడుమనున్న గోడ మిక్కిలి పలుచనిది. మితముగా పుచ్చుకొన్నప్పుడు ప్రాణమును కాపాడు వస్తువే మితిమీరినప్పుడు ప్రాణమునకు ఎసరు పెట్టును. ఈ మాట అన్ని మందులకును వర్తించునదే అయినను, మూర్ఛవ్యాధికి వాడు మందుల విషయమున మరింత నిజము. ఏలయన, ఈ మందులు పనిచేయునది మెదడుపైన. నాడీకణముల అతిచలనమును అవి శాంతింపజేయును. ఆ శాంతి హద్దు దాటినచో మత్తుగను, మత్తు నిద్రగను, నిద్ర లేపినను లేవని అచేతనస్థితిగను మారును. తుదకు ఊపిరి తీయవలెనను సంగతినే మెదడు మరచును. ఇట్టి స్థితిలో రోగి రక్తమును వెలుపలకు తీసి, శోధించి, తిరిగి దేహములోనికి పంపు చికిత్స ఒకటి కలదు. అది ఎట్లు పుట్టినది, ఎవరికి పనికివచ్చును, దానికంటె ముందు చేయవలసినదేమి అను విషయములను నేటి ప్రసంగములో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మేము వైద్యులము కాము. ఈ విషయముపై మాకు శ్రద్ధ కలుగుటకు కారణము ఒక చిన్న సంఘటన. మాతో కలిసి పనిచేసిన మిత్రుడొకరి తండ్రిగారు చాలకాలముగా ఫెనిటాయిన్ అను మూర్ఛమందు వాడుచుండిరి. ఒకసారి పాతమాత్రలకు బదులు మూడింతల బలముగల క్రొత్తమాత్రలు ఇంటికి వచ్చినవి. మాత్ర మారినది గాని లెక్క మారలేదు. వెనుకటివలెనే రాత్రికి మూడేసి మాత్రలు ఇచ్చుచు వచ్చిరి. కొన్ని దినములకు పెద్దాయన నడక తూలినది, మాట తడబడినది, చూపు నిలువక కనుగ్రుడ్లు అటునిటు అదరసాగినవి. పక్షవాతమని భయపడి ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచ్చటి యువవైద్యురాలు మొట్టమొదట అడిగినది ఒక్కటే: “అమ్మా, మామగారు వాడుతున్న మందుల అట్టలు తెచ్చారా?” మిత్రుని భార్య కొంత చిన్నబుచ్చుకొని, “మందు ఒక్క పూటయినా మానలేదండీ, నా చేతులతో నేనే ఇస్తున్నాను” అని బదులు చెప్పినది. అట్ట తెప్పించి చూచిన తరువాతగాని అసలు సంగతి బయటపడలేదు.

మేము ఆతురతతో, “రక్తం శుభ్రం చేసే యంత్రం ఉంది కదండీ, దాని మీద పెట్టరా?” అని అడిగితిమి. ఆమె చిరునవ్వు నవ్వి, “ఆయనకు స్పృహ ఉంది, ఊపిరి బాగుంది. మందు దానంతట అదే దిగుతుంది. యంత్రం అవసరమైనవాళ్ళు వేరే ఉంటారు” అనెను. ఆమె చెప్పినట్లే జరిగినది. తొమ్మిదవనాటికి పెద్దాయన కర్ర ఊతతో వరండాలో నడచిరి. యంత్రము అవసరమైనవారు ఎవరు? ఆ ప్రశ్న వెంటబడి పోగా మేము తెలిసికొన్న సంగతులే ఈ ప్రసంగము.

మూర్ఛకు మందు దొరకిన కథ చాల పాతది కాదు. 1857లో లండను నగరమున చార్లెస్ లోకాక్ అను వైద్యుడు పొటాషియం బ్రోమైడు మూర్ఛలను తగ్గించుచున్నదని ప్రకటించెను. 1912లో జర్మనీలో ఫినోబార్బిటాల్ వచ్చినది. మన ప్రాంతములందు గార్డినాల్ అనినచో ఎక్కువమందికి తెలియునది ఇదియే. 1938లో అమెరికాలోని బోస్టను నగరమున మెరిట్, పట్నం అను ఇరువురు పరిశోధకులు ఫెనిటాయిన్ గుణమును వెల్లడించిరి. 1953లో స్విట్జర్లాండునందు గైగీ సంస్థలో షిండ్లర్ అను రసాయనజ్ఞుడు కార్బమజెపీన్‌ను తయారుచేసెను. వాల్‌ప్రోయేట్ కథ మరియు విచిత్రము. 1882లోనే తయారైన ఆ ద్రవమును ఎనుబది యేండ్ల వరకు ఇతర పదార్థములను కరగించుటకు మాత్రమే వాడిరి. 1963లో ఫ్రాన్సుదేశమున వేరు మందులను పరీక్షించుచుండగా, దానిలో కరగించిన ప్రతి మందును మూర్ఛను ఆపుచున్నట్లు కనబడినది. గుణము మందులది కాదు, కరగించిన ద్రవముదని అప్పుడు తేలినది.

బ్రోమైడు తరువాత వచ్చిన ఈ నాలుగు మందులును నేటికిని లక్షల ఇండ్లలో వాడబడుచున్నవి. వీనివలన బడికి పోగలిగిన పిల్లలు, బండి నడపగలిగిన యువకులు, పెండ్లియై సంసారము చేసికొనుచున్న స్త్రీలు ఎందరో కలరు. కావున ఈ ప్రసంగము విని ఎవరును మందులకు జడియరాదు. మోతాదు మీరుటకు కారణములు పెక్కు. మా మిత్రుని యింట జరిగినట్టి పొరపాటు ఒకటి. పిల్లలు మిఠాయి అనుకొని మ్రింగుట ఒకటి. మనసు చెదరిన వేళ తెలిసియే మ్రింగుట మరియొకటి.

మోతాదు మీరినప్పుడు ఒక్కొక్క మందు ఒక్కొక్క తీరున ప్రవర్తించును. ఫెనిటాయిన్‌ను విరిచి బయటకు పంపునది కాలేయము. ఆ కాలేయము గంటకు ఇంతయే అను కట్టుబాటుతో పనిచేయును. ఆ కట్టుబాటు నిండిన పిమ్మట మోతాదు కొంచెము పెరిగినను రక్తములో మందు ఎంతో పెరుగును, మెల్లగా దిగును. కార్బమజెపీన్ ప్రేగులలో నెమ్మదిగా కరగును, ప్రేగుల కదలికను కూడ మందగింపజేయును. అందుచే మొదటిపూట తేరుకొన్నట్లు కనబడిన రోగి మరునాడు కూలబడవచ్చును. గుండె లయ తప్పవచ్చును. మూర్ఛను ఆపవలసిన ఆ మందే అప్పుడు మూర్ఛలను తెప్పించుటయు కలదు. వాల్‌ప్రోయేట్ రక్తములో అమోనియాను పెంచును, మెదడును వాచజేయును. ఫినోబార్బిటాల్ ఊపిరిని అణచును. దేహమునందు అది సగమగుటకే సామాన్యముగా మూడు నుండి ఐదు దినములు పట్టును.

ఇట్టి రోగులను బ్రతికించిన మొదటి విజయము ఏ శోధక యంత్రము వలనను కలుగలేదు. బార్బిటాల్ జాతి మందులు మింగి స్పృహ తప్పినవారికి వెనుకటి దినములలో ఉత్తేజకములైన మందులు ఎక్కించి బలవంతముగా మేల్కొలుప జూచెడివారు. ఐదుగురిలో ఒకరు మరణించుచుండిరి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో క్లెమెసెన్, నిల్సన్ అను వైద్యులు ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. రోగిని మేల్కొలుపుటకు తొందరపడక, గొంతులో గొట్టము వేసి ఊపిరి దారిని కాపాడుట, రక్తపు పోటును నిలుపుట, ప్రక్కలు మార్చి పరుండబెట్టుట, రేయింబవళ్ళు నర్సులు కనిపెట్టియుండుట – ఇంతమాత్రమే చేసిరి. 1961లో వారు ప్రకటించిన లెక్కలను బట్టి మరణములు నూటికి ఒకటి రెండుకు దిగినవి. మందు దేహములోనుండి దానంతట అది పోవువరకు ప్రాణమును నిలిపియుంచుటయే ప్రధాన చికిత్స అని ఆనాడు స్థిరపడినది. నేటికిని ఆ సూత్రము చెక్కుచెదరలేదు. రక్తశోధన దాని తరువాతి మెట్టు.

ఇక యంత్రము సంగతి. దీని సూత్రము మన వంటింటిలో కనబడునదే. ఉప్పుచేపను మంచినీళ్ళలో నానవేసినచో ఉప్పు నీటిలోనికి దిగును. నీరు మార్చిన కొలది మరికొంత ఉప్పు దిగును. చేప మాత్రము చేపగనే యుండును. స్కాట్లండు దేశీయుడైన థామస్ గ్రాహం అను రసాయనశాస్త్రవేత్త 1861లో కాగితమువంటి ఒక పొరను అడ్డముపెట్టి, చిన్న అణువులు ఆ పొరను దాటిపోవుననియు, పెద్దవి నిలిచిపోవుననియు చూపి, ఆ క్రియకు డయాలిసిస్ అని పేరుంచెను. 1913లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున ఏబెల్, రౌంట్రీ, టర్నర్ అను మువ్వురు ఒక జంతువు రక్తమును సన్నని గొట్టముల ద్వారా ప్రవహింపజేసి తిరిగి దాని దేహములోనికి పంపిరి. గొట్టములలో రక్తము గడ్డకట్టకుండుటకు వారు జలగల తలలనుండి తీసిన పదార్థమును వాడిరి. వారు ఆ జంతువులకు ముందుగా సాలిసిలేటు అను మందును ఎక్కించి, అది రక్తమునుండి ఎంత బయటకు వచ్చునో కొలిచిరి. కృత్రిమ మూత్రపిండము పుట్టిననాడే దానికి పెట్టిన పరీక్ష రక్తములోని మందును తీయుట అన్నమాట.

దానిని మనుష్యుల ప్రాణము నిలుపు సాధనముగా చేసినవాడు డచ్చి వైద్యుడు విలెం కోల్ఫ్. హాలెండు జర్మను సేనల వశమైయున్న 1943లో, కాంపెన్ అను చిన్న పట్టణములో, కొయ్యబద్దల పీపా చుట్టును సెలోఫేను గొట్టమును చుట్టి, ఆ పీపాను ఉప్పునీటి తొట్టిలో త్రిప్పుచు ఆయన యంత్రమును నడిపెను. ఆ గొట్టము మాంసపు వంటకములకు పై తొడుగుగా వాడునట్టిది. తొలినాళ్ళలో ఆయన చికిత్స చేసిన పదునైదుగురికి పైబడిన రోగులలో దాదాపు అందరును మరణించిరి. ఆయన నిరుత్సాహపడలేదు. 1945 సెప్టెంబరులో అరువది యేడేండ్ల వృద్ధురాలొకతె స్పృహ తెలిసి, లేచి, ఇంటికి పోయినది. నేటి యంత్రములో పీపా లేదు. అరచేతి వెడల్పు గొట్టములో వెంట్రుకలవంటి వేల బోలుపోగులు ఉండును. వానిలోపల రక్తము, వెలుపల శుద్ధమైన లవణజలము ఎదురెదురుగా ప్రవహించును. మెడలోనో గజ్జలోనో ఉన్న పెద్దసిరలో గొట్టము వేసి రక్తమును తీసి, శోధించి, వెంటనే తిరిగి పంపుదురు. ఒక విడత చికిత్సకు నాలుగు మొదలు ఆరు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు పట్టును.

అట్లయిన, మందు ఏదైనను యంత్రము తీసివేయగలదా? ఇచ్చటనే చిక్కున్నది. రక్తములో చేరిన మందు అంతయు విడిగా తిరుగదు. కొంత భాగము ఆల్బుమిన్ అను మాంసకృత్తును పట్టుకొనియుండును. ఒక రేవును ఊహింపుడు. ఆల్బుమిన్ పెద్ద పడవ, మందు అణువులు ప్రయాణీకులు. ఒడ్డున నున్నవారు చిన్నద్వారము గుండ పోగలరు. పడవ ఆ ద్వారమున పట్టదు. ఫినోబార్బిటాల్ ప్రయాణీకులలో సగముమంది ఒడ్డుననే యుందురు. కావున దానిని యంత్రము సులువుగా తీయగలదు. కార్బమజెపీన్ నూటికి డెబ్బది యైదు పాళ్ళు, ఫెనిటాయిన్ తొంబది పాళ్ళు పడవలోనే యుండును. అందుచేత ఇవి డయాలిసిస్‌కు లొంగని మందులని చాలకాలము గ్రంథములలో వ్రాసిరి.

ఆ మాట పాత పొరలను చూచి వ్రాసినది. తరువాత వచ్చిన పొరలు ఎక్కువ వైశాల్యము, పెద్దరంధ్రములు గలవి, రక్తప్రవాహమును హెచ్చినది. ఒడ్డుననున్న ప్రయాణీకులు త్వరగా వెళ్ళిపోయిన కొలది పడవలోనివారు దిగుచుందురు, దిగినవారును వెళ్ళిపోవుదురు. ఈ విధమున కార్బమజెపీన్, ఫెనిటాయిన్ కూడ చెప్పుకోదగినంత బయటకు వచ్చుచున్నవని రోగుల రక్తమును కొలిచి వైద్యులు నిర్ధారించిరి. వాల్‌ప్రోయేట్ సంగతి మరియొక తీరు. మామూలు మోతాదులో తొంబది పాళ్ళు పడవలోనుండును. మోతాదు మితిమీరినప్పుడు పడవలు నిండిపోయి, మిగిలినవారందరు ఒడ్డుననే నిలిచిపోవుదురు. అనగా ప్రమాదము పెరిగిన కొలది అది యంత్రమునకు మరింత లొంగును. ఈ కాలమున విరివిగా వాడుచున్న లెవిటిరాసిటాం పడవ ఎక్కుటయే అరుదు. నాలుగు గంటల డయాలిసిస్‌లో దేహమునందున్న దానిలో దాదాపు సగము పోవును. మూత్రపిండముల జబ్బుకు డయాలిసిస్ చేయించుకొనుచు ఈ మందు వాడువారికి, చికిత్స ముగిసిన వెంటనే అదనపు మోతాదు ఇచ్చుట ఇందుకొరకే.

పడవలోనివారిని కూడ లాగుకొను సాధనము మరియొకటి కలదు. అది బొగ్గు. ప్రత్యేకముగా శుద్ధిచేసి, లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రములు కల్పించిన ఉత్తేజిత బొగ్గునకు మందులను తన మేనికి అంటించుకొను గుణము హెచ్చు. 1960ల నడుమ గ్రీసుదేశమున ఏథెన్సు నగరములో యాట్జిడిస్ అను వైద్యుడు బార్బిటాల్ మింగిన రోగుల రక్తమును బొగ్గుతో నింపిన గొట్టము గుండ పోనిచ్చెను. మందు పోయినది గాని, బొగ్గుపొడి రక్తములోనికి జారుట, రక్తమును గడ్డకట్టించు సూక్ష్మకణములు బొగ్గునకు అంటుకొని తగ్గిపోవుట వంటి చిక్కులు తలయెత్తినవి. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన టి.ఎం.ఎస్. చాంగ్ ఆ బొగ్గురేణువులకు పలుచని పూత పూసి ఆ చిక్కులను చాలవరకు తగ్గించెను. కొంతకాలము ఫెనిటాయిన్, కార్బమజెపీన్‌లకు ఈ బొగ్గుచికిత్సయే మేలని వైద్యులు భావించిరి. అయినను బొగ్గు కొన్ని గంటలలో నిండిపోవును, ఖర్చు ఎక్కువ, అన్నిచోట్ల దొరకదు. క్రొత్తపొరల డయాలిసిస్ దానికి సాటిరాగా, నేడు మొదట ఎంచుకొనునది డయాలిసిస్. అది లేనిచోట బొగ్గుగొట్టము.

బొగ్గును నోటిద్వారా విడతలు విడతలుగా ఇచ్చు పద్ధతియు కలదు. రక్తములోని మందు కొంత ప్రేగులలోనికి ఊరును. అచ్చట బొగ్గు దానిని పట్టివేయును. ఫినోబార్బిటాల్, కార్బమజెపీన్ విషయములలో ఇది బాగుగా పనిచేయును. అయితే శ్రోతలు ఒక్కమాట గుర్తుంచుకొనవలెను. ఇది పొయ్యిలోని బొగ్గు కాదు, ఇంటిలో చేయదగిన చికిత్స కాదు. మత్తులోనున్న రోగి ఊపిరితిత్తులలోనికి బొగ్గునీరు పోయినచో ప్రాణమునకే ముప్పు.

ఎవరికి ఈ యంత్రము పెట్టవలెను అను ప్రశ్నకు, 2010లో ఏర్పడిన ఎక్స్‌ట్రిప్ అను అంతర్జాతీయ వైద్యబృందము సమాధానములు వెదకినది. మూత్రపిండవైద్యులు, విషవైద్యనిపుణులు, అత్యవసర వైద్యులు కలిసి, లోకమున ప్రకటితమైన రోగుల వృత్తాంతములను పరిశీలించి, ఒక్కొక్క మందునకు ఒక్కొక్క నిర్ణయము చెప్పిరి. ఫినోబార్బిటాల్ వలన దీర్ఘమైన కోమా కలిగినను, రక్తపుపోటు పడిపోయినను, ఊపిరికి యంత్రము పెట్టవలసివచ్చినను శోధన మేలు. కార్బమజెపీన్ వలన మందులకు లొంగని మూర్ఛలు వచ్చినను, గుండెలయ ప్రాణాంతకముగా చెడినను శోధన చేయవలెను. వాల్‌ప్రోయేట్ రక్తద్రవమునందు లీటరునకు 1300 మిల్లీగ్రాములు దాటినను, మెదడు వాచినను, రోగి షాకులో పడినను శోధన తప్పనిసరి. 900 దాటినచో చేయుట మంచిదని సూచన. సవ్యమైన మోతాదులో ఈ మందు ఉండవలసిన మట్టము 50 మొదలు 100 వరకని తెలిసికొన్నచో ఆ అంకెల తీవ్రత బోధపడును. ఇక ఫెనిటాయిన్ విషయమున, దీర్ఘమైన కోమా ఉన్నప్పుడో, అడుగు వేయనీయని తూలుడు చాలదినములు వీడనప్పుడో ఆలోచింపవచ్చునే గాని, రక్తపరీక్షలోని అంకెను మాత్రమే చూచి యంత్రము పెట్టరాదనిరి. మా మిత్రుని తండ్రిగారి విషయమున ఆ వైద్యురాలు చూపిన నిబ్బరమునకు ఆధారము ఇదియే.

యంత్రమునకు తన ఇబ్బందులు తనకు కలవు. సిరలో పెద్దగొట్టము వేసినచోట రక్తస్రావము కలుగవచ్చును, సూక్ష్మక్రిములు చేరవచ్చును. రక్తపుపోటు పడిపోవచ్చును. శోధన ముగిసిన తరువాత కండరములలో, కొవ్వులో దాగిన మందు మరల రక్తములోనికి వచ్చును. చెలమలో నీరు తోడినకొలది ఊరినట్లు ఇదియు ఊరును. కావున ఒక్కసారితో పని ముగిసెనని చెప్పలేము. రోగిని కనిపెట్టియుండవలెను, అవసరమైనచో మరల శోధింపవలెను. మరియొక సంగతి. మూర్ఛరోగికి మందు పూర్తిగా తీసివేసినచో పాతమూర్ఛలు తిరుగబడును. ఎక్కువైన దానిని తీయవలెను, కావలసినంత నిలుపవలెను. ఈ తూకము తెలిసినవాడే వైద్యుడు.

శ్రోతలారా, ఇదంతయు ఆసుపత్రిలో జరుగునది. ఆసుపత్రికి చేరుటకు ముందు ఇంటివారి చేతిలోనున్న గంట ఒకటి కలదు. మా ప్రసంగమంతయు ఆ గంట కొరకే. మందు ఎక్కువైనదని అనుమానము కలిగిన క్షణముననే, మనిషి బాగుగనే కనబడుచున్నను, 108కి ఫోను చేయవలెను. మత్తుగానున్నచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి ఊపిరి ఆడుచున్నదో లేదో చూచుచుండవలెను. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు పులుసు త్రాగించి వాంతి చేయించు ప్రయత్నము ఎంతమాత్రము కూడదు. మాత్రల అట్టలు, సీసాలు, వైద్యుని చీటీ, ఖాళీ అయినవి సైతము, ఒక సంచిలో వేసి వెంట తీసికొనిపోవలెను. ఎన్ని మాత్రలు మిగిలినవో, ఏ వేళకు మింగియుందురో తెలిసినంతవరకు చెప్పవలెను.

దాచుట అను అలవాటు మన ఇండ్లలో కలదు. తెలిసియే మింగినారని బయటపడినచో పోలీసులు వత్తురనియు, పరువు పోవుననియు జంకి, “జ్వరము వచ్చి పడిపోయినది” అని చెప్పువారు ఎందరో. ఆ ఒక్క అబద్ధముతో వైద్యుడు దారి తప్పును, గంటలు గడచిపోవును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టి ప్రయత్నము చేసినవారిని తీవ్రమైన మనోవేదనలో ఉన్నవారిగా భావింపవలెననియు, శిక్షింపరాదనియు చెప్పుచున్నది. వారికి కావలసినది నింద కాదు, చికిత్సయు ఆదరణయు. మనసు భారమైనవారు, వారి బంధువులు 14416 అను టెలిమానస్ నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

మూర్ఛమందు వాడుచున్న ఇండ్లవారికి తుదిమాట. మందును భయపడి మానరాదు. హఠాత్తుగా మానినచో ఎడతెగని మూర్ఛలు పట్టును. మాత్ర రంగు గాని, ఆకారము గాని, అట్టపై అంకె గాని మారినచో, వైద్యునో మందుల దుకాణమువారినో అడిగి తెలిసికొన్న పిమ్మటనే ఇవ్వవలెను. పిల్లలకు అందని చోట దాచవలెను. వాడుచున్న మందుల పేర్లను, మోతాదులను ఒక కాగితముపై వ్రాసి, ఇంటిలో అందరికిని తెలిసినచోట ఉంచవలెను. మా మిత్రుని యింట నేడు ఆ కాగితము గోడగడియారము క్రింద అంటించియున్నది. యంత్రము రక్తములోని మందును తీయగలదు గాని, ఆ మందు పేరు చెప్పలేదు. ఆ పేరు చెప్పవలసినవారు ఇంటివారే.